బంతి లేకుండా ఎగిరిన అన్న

సౌదీలోని తాయిఫ్‌లో మా కంపెనీ క్యాంపు వెనక, రాళ్లు ఏరి మేమే చదును చేసుకున్న వాలీబాల్ కోర్టు ఉంది. వారమంతా నాది పైపులు బిగించే పని. శుక్రవారం నమాజులయ్యి, ఎండ కాస్త తగ్గాక ఆ కోర్టులో లిఫ్టర్‌ని. వెనకవాళ్లు అందించిన బంతిని నెట్ దగ్గర వేళ్ల కొసలతో పైకి లేపి, కొట్టేవాడికి ఇవ్వాలి. చప్పట్లు షాట్ కొట్టినవాడికే పడతాయి గానీ, బంతి ఎవరికి పోవాలన్నది లిఫ్టర్ ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎలా వాడాలో నాకు చాలాకాలం తెలియలేదు.

మా జట్టులో పెద్ద షాట్ జగిత్యాల అన్నది. టైల్స్ మేస్త్రీ. ఎడమ మూల నుంచి పరుగెత్తుకొచ్చి ఎగిరాడంటే అవతలివాళ్లు ముందే వెనక్కి జరిగేవాళ్లు. పది బంతులు వస్తే ఎనిమిది ఆయనకే లేపేవాణ్ని. కుడివైపు శ్రీకాకుళం తమ్ముడు ఒకడు ఉండేవాడు. వెల్డరు, ఎడమచేతి వాటం. నోరు తెరిచి బంతి అడిగేవాడు కాదు. అడగడం లేదు కదా అని నేనూ ఇచ్చేవాణ్ని కాదు.

ఆట నేర్పింది మా స్టోర్ కీపర్, పెషావర్ పెద్దాయన. ఒక మోకాలు వంగదు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఒక శుక్రవారం ఆట మధ్యలో నన్ను బయటికి పిలిచి, ఇంకొకణ్ని లోపలికి పంపాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"బంతిని చూడకు," అన్నాడు ఉర్దూలో. "వెల్డర్ కాళ్లు చూడు."

చూశాను. బంతి అటు పోయినా ఇటు పోయినా, ఆ తమ్ముడు ప్రతిసారీ మూడడుగులు వేసి ఎగురుతున్నాడు. ఒక్కసారి కూడా మానలేదు.

"రెండేళ్లుగా ఇంతే. నీకే కనబడలేదు," అన్నాడు ఉస్తాద్. అరవలేదు, కోప్పడలేదు. అరిచి ఉంటే నాకు అంత సిగ్గనిపించేది కాదేమో.

మరుసటి వారం నుంచి తల మీదుగా వెనక్కి, నా వీపు వైపున్న వెల్డర్‌కి బంతి లేపడం మొదలుపెట్టాను. ఎన్నోసార్లు నెట్‌కు తగిలేది, ఎన్నోసార్లు బయటికి పోయేది. "ఇంకో జానెడు పైకి లేపితే సాలన్నా," అనేవాడు వెల్డరు.

ఆ చలికాలం క్యాంపుల మధ్య పోటీలు పెట్టారు. ఫైనల్లో మాకు ఎదురొచ్చినవాళ్లంతా పంజాబీలు, తాటిచెట్లంత మనుషులు. చెరో సెట్టు గెలిచాం. మూడో సెట్టు పదిహేను పాయింట్లకు. చెరి పది దగ్గర ఉన్నప్పుడు, ఒక షాట్ కొట్టి కిందికి దిగిన అన్న కుడి భుజం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మి, భుజం పోయింది. చెయ్యి లేస్తలేదు."

"బయట కూసో అన్నా, ఉస్తాద్‌కు చెప్తా."

"నేను కూసుంటే, నాకు అడ్డం లేచేటోళ్లిద్దరూ పోయి వెల్డర్ మీద పడ్తరు. నేను ఉరుకుత, ఒర్రుత. నువ్వు మాత్రం బాల్ నాకియ్యకు."

అన్నట్టే చేశాడు. బంతి నా వేళ్ల మీదికి రాగానే "తమ్మీ, నాకే! నాకే!" అని క్యాంపంతా వినబడేలా అరుస్తూ ఉరికొచ్చి ఎగిరాడు. అవతల ఇద్దరూ ఆయనకు అడ్డంగా లేచారు. నేను వెనక్కి లేపాను. వెల్డర్ ముందు ఒక్క చెయ్యి కూడా లేదు. దెబ్బకు దుమ్ము లేచింది.

మళ్లీ అంతే. ఆ తర్వాతా అంతే. పద్నాలుగు మాకు, పన్నెండు వాళ్లకు ఉన్నప్పుడు అవతలివాళ్లకు అనుమానం వచ్చింది, ఒకడు వెల్డర్ వైపు చూశాడు. అది అన్న గమనించాడు. ఈసారి ఎగిరి, లేవని ఆ చేతిని నిజంగానే విసిరాడు. ఆ నొప్పి ఎంతటిదో నాకు తెలియదు. వాళ్లిద్దరూ ఆయన మీదికే లేచారు. వెల్డర్ కొట్టిన బంతి గీత లోపల పడింది.

అందరూ వెల్డర్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఉస్తాద్ మాత్రం ఆ వంగని కాలు ఈడ్చుకుంటూ కోర్టంతా దాటి, కింద పడ్డ అన్న దగ్గరికి వెళ్లాడు. చెయ్యిచ్చి లేపి, ఆ చేతిని కాసేపు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

గెలవాలని అందరికీ ఉంటుంది. గెలుపులో తాను కనబడకపోయినా ఫరవాలేదనుకునే మనిషిని నేను చూడడం అదే మొదలు.

ఆ సాయంత్రం మెస్‌లో మా వాళ్లు నన్ను తగులుకున్నారు. "అన్న అంతగనం ఒర్రుతుంటే ఒక్క బాల్ ఇయ్యవైతివి. ఏం పగరా నీకు?" అసలు సంగతి చెప్పబోయాను. అన్న బల్ల కింద నా కాలు తొక్కాడు.

"లిఫ్టర్ వాడు. ఎవలకియ్యాల్నో వానికి ఎరుక," అన్నాడు, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినలేక తింటూ.

భుజం నయం కావడానికి రెండు నెలలు పట్టింది. అన్ని శుక్రవారాలూ కోర్టుకు వచ్చి, తన షాట్‌లోని మెళకువలన్నీ ఒక్కొక్కటే వెల్డర్‌కు నేర్పాడు.