ఒంట్లో చక్కెర, చెవుల్లో ప్రెస్సు

"నీకు ఎవరినైనా చంపాలనిపిస్తుందా?"

కంపెనీ డాక్టరమ్మ ఎదురుగా ఉన్న మనిషి చేతులు చూసి ఈ ప్రశ్న వేసింది. కుడి పిడికిలి కణుపుల మీద తోలు లేచిపోయి, నెత్తురు ఎండి నల్లబడి ఉంది. ఆ మనిషి నొచ్చుకోలేదు. కాసేపు నిజంగానే ఆలోచించింది.

"ఏ వేళప్పుడండీ? డ్యూటీలోనా, ఇంటి దగ్గరా?"

ఆమె రేకు డబ్బాల ఫ్యాక్టరీలో ప్రెస్సు ఆపరేటరు. రేకు పలకను అచ్చు మీద పెడితే పైనుంచి ఇనుప దిమ్మ దిగి ఒక్క దెబ్బతో డబ్బా మూత కోసేస్తుంది. షెడ్డు నిండా అలాంటి ప్రెస్సులే. పైకప్పు రేకు, గోడలు రేకు. చప్పుడుకు బయటికి పోయే దారి లేదు, అక్కడే మనుషుల పుర్రెల్లో తిరుగుతుంది. పెళ్లయిన కొత్తలో చేరిన ఆమెకు ఇప్పుడు నలభై దాటాయి. షెడ్డులో అందరూ ఆమెను పిడుగు అంటారు. పక్క ప్రెస్సు మీద పనిచేసే పొడుగమ్మ పెట్టిన పేరు అది. నడుం మీద చెయ్యి వెయ్యబోయిన ఒక సూపర్‌వైజరుకు మణికట్టు విరిచిన రోజున పెట్టింది. పేరు నిలిచింది, సూపర్‌వైజరు నిలవలేదు.

ప్రెస్సుకు రెండు బటన్లు ఉంటాయి. రెండు అరచేతులూ వాటి మీద ఉంటేనే దిమ్మ దిగాలి. చేతులు బటన్ల మీద ఉంటే దిమ్మ కింద ఉండవు, అదీ ఏర్పాటు. కానీ జీతం మూతల లెక్కన. రెండు చేతులూ బటన్లకే ఇచ్చేస్తే రేకు పెట్టేదెవరు? అందుకని ప్రతి ప్రెస్సులోనూ ఒక బటన్‌ను లోపలికి నొక్కి, సందులో రేకు ముక్క మడిచి దూర్చి పెడతారు. దాన్ని చీలిక అంటారు. ఇక ఒక చెయ్యి బటన్ మీద, ఒక చెయ్యి రేకు మీద. ఫోర్‌మన్‌కు తెలుసు, మేనేజరుకు తెలుసు. లెక్క పూర్తవ్వాలి కాబట్టి అందరూ ఆ బటన్ దగ్గర గుడ్డివాళ్లే.

చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు కంపెనీ ఇస్తుంది. ఎవరూ పెట్టుకోరు. దిమ్మ దిగే ముందు క్లచ్ టక్కుమంటుంది. ఆ టక్కు వింటేనే వేళ్లు వెనక్కి వస్తాయి. దానికోసం ఏళ్ల తరబడి చెవులు తెరిచి పెట్టుకున్నారు. ఆ తెరిచిన చెవుల్లోంచే రొద దూరి, ముందుగా టక్కునే మింగేసింది. పిడుగుకు అది వినబడడం ఎప్పుడో మానేసింది. తోటివాళ్లకు చెప్పలేదు. చెబితే ప్రెస్సు మీంచి దింపేస్తారు.

ఇక పిడికిలి సంగతి. ఆమె కాపురం ఉండేది మేడ మీది అద్దె గదుల్లో. కింద ఇనుప గేట్లు చేసే షాపు. పొద్దున లేచింది మొదలు చక్రంతో ఇనుము కోస్తూనే ఉంటారు. వెనక కిటికీ కింద లారీలు ఎత్తు ఎక్కుతూ గేరు మార్చే రోడ్డు. అలవాటైపోయిందనేది. హాయిగా గురక పెట్టేది. పొద్దున్నే మాత్రం ఎవరో కుళ్లబొడిచినట్టు లేచేది.

ఒళ్లు పెరిగింది. ముఖ్యంగా పొట్ట. దాహం. కూజా ఖాళీ చేసి మళ్లీ నింపేది. ఇదంతా దొంగతిండి అని ఆమె అత్త తేల్చి, చక్కెర డబ్బాకు తాళం వేసింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే ముందురోజు సాయంత్రం పిడుగు గుమ్మంలో అడుగుపెట్టగానే మొదలుపెట్టింది.

"గాలి పీల్చి ఎవరూ ఇంత లావెక్కరు. నాకు తెలీదనుకోకు."

"అత్తా, ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చా. కాసేపు నోరు ముయ్యి."

"ముయ్యను. నా కొడుకు పుల్లలా అయ్యాడు. నువ్వేమో వాడి వాటా కూడా నువ్వే తిని..."

కింద చక్రం ఇనుమును కొరికింది. పిడుగు నీళ్లకని అందుకున్న చెంబు ఎగిరింది. అత్త కనుబొమ చీలి, నెత్తురు కంట్లోకి కారింది. డెలివరీ వ్యాను నడిపే మొగుడు మధ్యలోకి వచ్చాడు. అతని పెదవీ పగిలింది.

"నన్నెందుకే కొట్టావు? నేనేమన్నా!"

"అడ్డమొచ్చావుగా!"

చీర చెంగు చించి అత్త తలకు తనే కట్టు కట్టింది. ఆ వెంటనే మెట్లు దిగి, గేటు కమ్మీ ఒకటి అందుకుని, ఇనుము కోసే చక్రాన్ని మోటారుతో సహా చితక్కొట్టింది. ఆపడానికి వచ్చిన షాపువాడి దవడ మీద పిడికిలి దించింది. కణుపుల మీది తోలు అక్కడ లేచింది. "ఆడదానివని ఊరుకుంటున్నా" అన్నాడు వాడు కింద కూర్చుని. "ఊరుకోకు, లే" అంది.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం తిప్పి చూపించింది. చక్కెర చాలా ఎక్కువ, రక్తపోటు దానికి పోటీ.

"స్వీట్లు తింటావా?"

"మా అత్త తాళం వేసిందండీ."

"తిమ్మిర్లు?"

"పాదాల్లో మొదలైంది. ఇప్పుడు వేళ్ల చివర్లు కూడా. రేకు పట్టుకుంటే పట్టుకున్నట్టుండదు."

డాక్టరమ్మ చెప్పిందంతా ఆమెకు ఎక్కలేదు. ఎక్కిన మేరకు సంగతి ఇది. పెద్ద చప్పుడు వినగానే ఒళ్లు దాన్ని దాడి అనుకుంటుంది. నువ్వు అలవాటైందని ఎంత చెప్పుకున్నా అది వినదు. గుండె వేగం పెంచుతుంది. కొట్లాటకు ఇంధనం కావాలి కదా అని కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఎదురుగా శత్రువేమో ఉండడు, ఉన్నది స్టూలు. ఒళ్లు పూటంతా యుద్ధానికి సిద్ధమై స్టూలు మీద కూర్చుంటుంది. రాత్రి లారీ గేరు మార్చినప్పుడల్లా, మనిషి లేవకపోయినా, ఒళ్లు ఉలిక్కిపడి మళ్లీ అదే పని చేస్తుంది. నిద్ర చెడితే ఇన్సులిన్ మాట చెల్లదు, ఆకలి పెరుగుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. రోడ్ల పక్కన, విమానాల దారి కింద బతికేవాళ్లలో చక్కెర జబ్బు కొంత ఎక్కువగా కనబడుతోందని చాలాచోట్ల లెక్కలు తీశారు. చప్పుడు ఒక్కటే కారణమని ఎవరూ అనడం లేదు. తిండి ఒక్కటే కారణమని మాత్రం ఊరంతా అంటుంది, ఎందుకంటే అలా అనడానికి ఖర్చేమీ లేదు.

"నువ్వు ప్రెస్సు దిగాలి" అంది డాక్టరమ్మ. "చెవికి వినబడదు, వేలికి తెలియదు. ఇక చెయ్యి ఎలా తీస్తావు?"

ఇటుక గోడ అవతల ప్యాకింగ్ గది ఉంది. అక్కడ మనిషి మాట మనిషికి వినబడుతుంది. జీతం మూడో వంతు తక్కువ. అంత తగ్గితే ఇల్లు నడవదని పిడుగు చెప్పింది. డాక్టరమ్మ మంచిది. 'ఇదే జీతం మీద ప్యాకింగ్‌కు మార్చవలెను' అని రాసి సంతకం పెట్టింది.

ఫోర్‌మన్ చదివి నవ్వాడు.

"డాక్టర్లు మందులు రాయాలి, జీతాలు కాదు. పోతావా? పో. ప్యాకింగ్ జీతమే."

"నా చెవులు పోయాయి సార్ ఇక్కడ."

"చెవులు పోతే పొట్ట పెరుగుతుందా? తిండి తగ్గించుకోలేక మిషన్ మీద తోస్తావేంటి?"

కంపెనీ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆరోగ్యం గురించి ఉపన్యసించే ఒకాయన్ను పిలిపించింది. ప్రెస్సులు ఆపితే లెక్క పడిపోతుంది కనుక ఆపలేదు. ఆయన మైకు పెట్టి, మెడ నరాలు ఉబ్బేలా, మనశ్శాంతి గురించి అరిచాడు. మితంగా తినండి, పొద్దున్నే నడవండి, నవ్వుతూ బతకండి. చెవిటివాళ్ల ముందు నిలబడి అరుస్తున్నానన్న అనుమానం ఆయనకు రాలేదు. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. అవీ వినబడలేదు.

"ఈ నెల చూసి దిగిపోతానే" అంది పిడుగు, పొడుగమ్మ చెవిలో నోరు పెట్టి.

"చూడ్డానికేముందే? ఈరోజే దిగు."

"అత్త కుట్లకు నువ్విస్తావా? గేట్లవాడి మోటారుకు?"

పొడుగమ్మ మూతి ముడుచుకుని తన ప్రెస్సు మీదికి వెళ్లింది.

క్లచ్ అరిగిన ప్రెస్సు ఒక్కోసారి చెప్పకుండా రెండో దెబ్బ కొడుతుంది. ఆరోజు అదే జరిగింది. టక్కుమంది. అవతలి ప్రెస్సు దగ్గరున్న పొడుగమ్మకు లీలగా వినబడి తల తిప్పింది. పిడుగుకు వినబడలేదు. అచ్చు అదిరింది, మొద్దుబారిన వేళ్లకు అదీ తెలియలేదు. తర్వాతి మూత ఎర్రగా వచ్చింది. కుడి చేతి రెండు వేళ్లు మూతతో పాటు మూతలు పడే డబ్బాలోకి జారాయి. ఆమె అరవలేదు. రేకుకు ఏదో అంటిందనుకుని తుడవబోయింది. తుడిచే వేళ్లు లేవు.

పొడుగమ్మ పరుగెత్తి మెయిన్ స్విచ్చి దించింది. షెడ్డు మొత్తం ఆగిపోయింది. నిశ్శబ్దం చెంపదెబ్బలా తగిలింది. ఆ నిశ్శబ్దంలో ఫోర్‌మన్ గొంతు మూలమూలకూ వినబడింది.

"ముందు బటన్‌లోంచి ఆ చీలిక పీకండి! ఎవరైనా వచ్చేలోపు పీకండి!"

ఎవరూ కదలకపోతే తనే ఉరికాడు. నెత్తురు కారుతున్న మనిషిని దాటుకుని బటన్ మీదికి వంగాడు. పిడుగు ఎడమ చేత్తో వాడి కాలరు పట్టుకుంది. ప్రెస్సు ఇనుప ఒంటికేసి మొహాన్ని కొట్టింది. ముందు పళ్లు రాలాయి. మళ్లీ కొట్టింది. ముక్కు విరిగిన చప్పుడు ఆమెకు తప్ప అందరికీ వినబడింది. మూడోసారి కొట్టబోతుంటే పొడుగమ్మ వెనకనుంచి వాటేసుకుంది.

"చాల్లేవే, చస్తాడే!"

"తిండి తగ్గించుకోమను వాణ్ణి! ఇక పళ్లెందుకు!"

ఆ మాట మీదే స్పృహ తప్పింది.

చీలిక బటన్‌లోనే ఉండిపోయింది. షెడ్డులోని ఆడవాళ్లు ఇంకో పని చేశారు. కార్మిక అధికారి వచ్చేదాకా ఏ ఒక్కరూ తమ ప్రెస్సులోని చీలిక తియ్యలేదు, తియ్యనివ్వలేదు. ఎవరి మిషన్‌కు వాళ్లు ఆనుకుని నిలబడ్డారు. మేనేజరు బతిమాలాడు, గుడ్లురిమాడు. పొడుగమ్మ రెంచి చేతిలో పట్టుకుని "రండి సార్, పీకండి" అంది. ఆయన రాలేదు. చీలిక పెట్టి పనిచేసింది ఒక్క పిడుగే అని మేనేజరు రాసుకున్న కాగితం అధికారి ముందు నిలవలేదు.

పిడుగుకు ప్యాకింగ్ గది దొరికింది, ప్రెస్సు జీతం మీదే. ఫోర్‌మన్ ఆమె మీద పెట్టిన కొట్లాట కేసు వెనక్కి తీసుకున్నాడు, పళ్ల ఖర్చు ఆమె కట్టేట్టు ఒప్పందం. మొగుడు లారీల రోడ్డుకు దూరంగా రెండు గదులు వెతికాడు. అత్త నుదుటి మచ్చతో అక్కడికీ వచ్చింది, తాళం వేసే డబ్బాతో సహా. కొన్ని నెలలకు చక్కెర కొంత దిగింది. "మందుకు దిగిందా, నిశ్శబ్దానికి దిగిందా?" అని పిడుగు అడిగితే, విడదీసి చెప్పలేనంది డాక్టరమ్మ. కోపం దిగిందా అని మొగుణ్ణి అడిగితే పెదవి తడుముకున్నాడు.

ఫోర్‌మన్ పళ్ల ఖర్చు ఆమె జీతంలోంచి పూర్తిగా కోసుకున్నారు. కంపెనీ ఒక వేలికి డబ్బు కట్టింది. రెండో వేలిది ఇంకా బాకీ.