స్వప్న జొన్నరొట్టె ఎవరు చేయాలి?

2023 ఎండాకాలం. శంషాబాద్ బస్టాండు దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. డైటీషియన్ అంటే సన్నబడే చిట్కాలు చెప్పే మనిషని చాలామంది అనుకుంటారు. పెళ్లి భోజనాల దగ్గర కూడా వదలరు. "పొట్ట తగ్గాలంటే ఏం తినాలండీ?" అని అడుగుతూ, నా విస్తట్లో ఉన్న బూరెల వంక చూస్తారు. నిజానికి మా పనిలో సగం, జబ్బుతో బతుకుతున్నవాళ్లకు రోజువారీ తిండి కుదర్చడమే. స్వప్న అలా వచ్చిన మనిషి.

తొండుపల్లి కోడలు, ముప్పై దాటి ఉంటుంది. ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఉద్యోగం. అంతకు ముందు ఏడాది ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ బయటపడింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు ఇది. కొందరికి చూపు మసకబారుతుంది, కొందరికి కాళ్లు తడబడతాయి. స్వప్నకు రెండూ ఉన్నాయి. న్యూరాలజిస్టు రాసిన ఇంజెక్షన్ వాడుతూనే, ఫోన్లో ఏదో వీడియో చూసి గోధుమ మానేసింది.

"గ్లూటెన్ లేని బ్రెడ్ తెప్పించుకున్న మేడం. నోట్ల పెట్టుకుంటె రంపపు పొట్టు తిన్నట్టున్నది," అంది.

నవ్వు ఆపుకోలేకపోయాను. గోధుమపిండి సాగేది అందులోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల. అది తీసేస్తే బ్రెడ్ పొడిపొడిగా రాలక ఏం చేస్తుంది?

"చూడు స్వప్నా, గోధుమ మానితే నీ జబ్బు తగ్గుతుందని రుజువేమీ లేదు. మానాక కడుపు తేలిగ్గా ఉందంటున్నావు, సరే, బలం తగ్గకుండా చూసుకుందాం. ఇంజెక్షన్ మాత్రం మానావో, నా గుమ్మం ఎక్కొద్దు," అన్నాను. నా నోరు కాస్త దురుసు. మా తెనాలి నుంచి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే.

డ్యూటీ మధ్య దొరికే కాసేపట్లో చేత్తో పట్టుకుని తినేది ఏదైనా కావాలంది. పెసరట్టు, ఇడ్లీ అనుకుని, చివరికి జొన్నరొట్టె దగ్గర ఆగాం. బ్రెడ్ కన్నా పీచు ఎక్కువ, కూర చుట్టుకుని తినొచ్చు. "మా అత్తమ్మ మస్తు చేస్తది మేడం," అంటూ మొహం వెలిగించుకుంది. మానితే పూర్తిగా మానాలని, జాగ్రత్తలు గట్టిగానే చెప్పి పంపాను. గోధుమలు పట్టిన పిండి గిర్నిలో వెంటనే జొన్నలు పోయించొద్దు, రొట్టె విరక్కుండా గుప్పెడు గోధుమపిండి కలిపే అలవాటు వద్దు, పీట, పెనం విడిగా పెట్టుకోవాలి.

మే నెలలో గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది.

"ఉద్యోగం మానేస్తున్న మేడం. నిన్న ఒకాయన పాస్‌పోర్టు మీద పేరు కనపడలే నాకు. అందరి ముంగట నిలబడి ఏడ్చిన."

ఆ ఉద్యోగం ఆమె ఎంత ఇష్టంగా సంపాదించుకుందో నాకు తెలుసు. జబ్బు మళ్లీ విరుచుకుపడిందేమో తేల్చేది నేను కాదు. అప్పటికప్పుడు న్యూరాలజిస్టుకు ఫోన్ చేసి పంపించాను. ఆయన పరీక్షలన్నీ చేసి, కొత్త దాడి గుర్తులేవీ లేవని చెప్పి, ఇబ్బంది రోజులో ఎప్పుడు ఎక్కువవుతోందో నన్ను కనుక్కోమన్నారు.

మా దగ్గర డైట్ రీకాల్ అని ఒక పద్ధతి ఉంది. పొద్దున్న లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం తిన్నారో మనిషి చేతే వరసగా చెప్పించడం. ఈసారి తిండి ఒక్కటే కాదు, చేసిందంతా చెప్పమన్నాను.

"లేస్త. తానం చేస్త. రొట్టెలు చేసుకుంట. ఇగ అప్పుడే కాళ్లు గుంజుతయి, కండ్లు మసకైతయి. జర సేపు పండుకుంటె సర్దుకుంటది. మళ్ల ఎండల బస్సెక్కంగనే షురూ."

"రొట్టెలు ఫ్యాన్ కింద చేస్తావా?"

"ఫ్యానేస్తె మంట ఊగుతది గద మేడం. ఫ్యాన్ బంజేస్త. కిటికి, తలుపు గూడ మూస్త."

"మే నెలలో తలుపులు మూసి, మసిలే నీళ్లతో పిండి కలిపి, పొయ్యి ముందు నిలబడతావా! రొట్టెలు కాలుస్తున్నావా, నిన్ను నువ్వు కాల్చుకుంటున్నావా తల్లీ?"

ఈ జబ్బులో ఒంటి వేడి కాస్త పెరిగినా, దెబ్బతిన్న నరాల్లో కబురు నెమ్మదిస్తుంది. చల్లబడితే మళ్లీ కుదుటపడుతుంది. డాక్టరుగారికి ఫోన్లో చెబితే, అదే అయ్యుంటుందన్నారు.

"మీ అత్తమ్మ చేస్తారన్నావుగా?" అని అడిగాను.

స్వప్న తల దించుకుంది. "ఇంటిల్లిపాదికి గోధుమ రొట్టెలు చేసుడే ఆమెకు సరిపోతది. నా ఒక్కదానికి మళ్ల వేరే చెయ్యమని ఏ మొకం పెట్టుకొని అడగాలె మేడం?"

మర్నాడు అత్తగారిని వెంటబెట్టుకు రమ్మన్నాను. అనసూయమ్మగారు వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. నేను జరిగింది చెబుతుంటే ఆవిడ నా వైపు చూడలేదు, కోడలినే చూస్తున్నారు.

"గిట్ల అని నాకేమెరుక బిడ్డా? గోధుమ పిండి తగిలితె ఖరాబైతదన్నవు. నా చేతులు ఎప్పుడు గోధుమ పిండిలనే ఉండె. నా చెయ్యి తగులొద్దనే తలుపేసుకుంటున్నవనుకున్న."

"అయ్యో అత్తమ్మా!" అని స్వప్న ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మా ఇంట్ల పనికి పోయేటోళ్ల రొట్టె ఇంట్ల ఉన్నోళ్లే చేసి కట్టాలె మేడం. నేను చేనుకు పోయిన దినాలల్ల మా అత్త కట్టింది. నా కోడలికి నేను కట్టొద్దా? ఇన్ని దినాలు నా పానం ఎంత కొట్టుకున్నదో!"

నా జాగ్రత్తలు ఆ ఇంట్లో ఇలా చేరాయని అప్పుడు తెలిసింది. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలమ్మా అని చెబితే, ఆవిడ మొహంలో పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పొద్దున పూట ఇంట్లో అందరికీ జొన్నరొట్టెలే అని అక్కడే తీర్పు ఇచ్చేశారు. స్వప్న చల్లటి నీళ్లతో స్నానం చేసి ఫ్యాను కింద కూర్చోవాలి, ఎండ ముదరక ముందే ఆటోలో బయలుదేరాలి. ఇదీ ఒప్పందం. ఆమె రాజీనామా ఇవ్వలేదు.

వానలు పడ్డాక ఇద్దరూ వచ్చారు. స్వప్న గోడ పట్టుకోకుండా నడిచింది. అలసట పూర్తిగా పోలేదు గానీ, కౌంటర్ దగ్గర పేర్లు చదవగలుగుతోంది. అనసూయమ్మగారు నాక్కూడా రొట్టెలు, పచ్చిపులుసు తెచ్చారు. స్వప్న బయటికెళ్లాక నెమ్మదిగా అడిగారు.

"ఈ రొట్టెతోని దాని రోగం పోతదా మేడం?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "పోదమ్మా."

"పోకుంటె మానె. నా చేతిది తిని డ్యూటీకి పోతున్నది. గది సాలు."

ఇప్పుడు ఎవరొచ్చినా, ఏం తినాలో చెప్పే ముందు అది ఎవరు వండుతారో అడుగుతున్నాను. నయం చేయదని తెలిసి కూడా, రోజూ పొద్దున్నే పొయ్యి ముందు నిలబడే ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.