దేవదూత గద్దించలేదు

ఆనకట్ట పనికి శ్రీకాకుళం నుంచి మాచర్ల వైపు వలసొచ్చిన ఆ కూలి అక్క, మా చర్చిలో ఆరాధన ముగిశాక ప్రతి ఆదివారం నన్నడిగేది: "మా ఊరు ఎటేపున్నాదమ్మా?" చెయ్యి చూపిస్తే అటే చూస్తూ నిలబడేది.

రానురాను అన్నం మానేసింది. "బతకాలని నేదమ్మా" అంది.

సంఘపెద్ద తేల్చేశాడు: "దయ్యం పట్టింది. మూడ్రోజులు ఉపవాసం ఉంచండి."

"తిని నాలుగు రోజులైంది గదా పెద్దయ్యా!" అన్నాను.

"ఏమే, నాకే వాక్యం చెప్తన్నావా?"

చెప్పాను. లేఖనాల్లో, చావు కోరి చెట్టు కింద పడుకున్న ప్రవక్తను దేవదూత గద్దించలేదు, తట్టి లేపి రొట్టె పెట్టాడు.

ఎవరూ కదల్లేదు. నేనే గంజి కాచి, పక్కన కూర్చుని తాగించాను. మూడో రోజుకు లేచి కూర్చుంది.

ఆదివారం పెద్ద తన ఉపవాస ప్రార్థనతోనే దయ్యం పారిపోయిందని సాక్ష్యమిచ్చాడు. సంఘమంతా స్తోత్రమంది. దేవుని మందిరంలో నిలబడి, నేను మాత్రం అనలేదు.