ఎర్రగుడ్డ కట్టిన వెదురు

మొన్న బుధవారం పొద్దున మా మూడో అంతస్తు బాల్కనీకి పావురాలు రాకుండా వల బిగించడానికి ఒక మనిషి వచ్చాడు. నడుముకు తాడు కట్టుకొని, కింద పోయేవాళ్ళ మీద పనిముట్లు పడతాయేమోనని, ముందుగా ఒక కర్రకు ఎర్రగుడ్డ ముడివేసి పిట్టగోడ మీద నిటారుగా నిలబెట్టాడు. ఆ గుడ్డ గాలికి రెపరెపలాడగానే ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచి ఆకాశంలో ఒక చుట్టు తిరిగాయి. నా చేతిలోని టీ ఒలికి పంచె తడిసింది. "కబూతర్లు మస్తు గలీజ్ చేస్తున్నయ్ గద సార్, ఇగ ఫికర్ లేదు, ఒక్కటి గూడ రాదు" అని అతడు నాకు ధైర్యం చెప్పాడు. టీ ఒలికింది ముసలితనం వల్లనని అనుకొని ఉంటాడు. పోలీసు చర్యకు ముందూ వెనకా ఈ నల్లగొండ జిల్లాలో బతికిన నా ఈడువాళ్ళు అలా అనుకోరు కనుక, ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పని ఒక సంగతిని వారి ముందు పెట్టాలనిపించింది.

పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవిలో నేను హైదరాబాదులో బి.ఏ. ముగించి, బొంబాయి ఏజెంటు ఒకరి ద్వారా ఇరాన్ తీరంలోని ఒక చమురు రేవులో గుమాస్తా కొలువు సంపాదించాను. కొలువైతే దొరికింది కాని పాస్‌పోర్టు దొరకలేదు. నిజాం ప్రభుత్వం పోయి కొత్త ప్రభుత్వం ఇంకా కుదురుకోని రోజులవి. స్వగ్రామంలో నా నడవడి గురించి పోలీసువారు విచారించి మంచి మాట రాస్తేనే నా కాగితం కదులుతుందన్నారు. తల్లీ తండ్రీ చిన్ననాడే పోయిన నాకు స్వగ్రామమంటే మా మేనమామ బడిపంతులుగా ఉన్న ఊరే. నల్లగొండ జిల్లాలో, నందికొండ అడవుల వైపు పోయే బండ్లబాట మీద ఉండేది; అప్పటికి అక్కడ డ్యామూ లేదు, కాలనీ లేదు. అడవిలో కమ్యూనిస్టుల సంఘం దళాలు, బాట మీద మిలిటరీ లారీలు, నడుమ జొన్నచేలు, అంతే.

కాలేజీలో నేను వక్తృత్వపు పోటీలలో పేరు పడ్డవాణ్ణి. ఏ విషయమిచ్చినా అటూ ఇటూ సమానమైన బలంతో వాదించగలనన్న గర్వం నాకుండేది. ప్రశ్నించకుండా దేనినీ ఒప్పుకోరాదన్నది నా నియమం. నాకు శ్రోతలుండేవారు, ప్రత్యర్థులుండేవారు, స్నేహితులు మాత్రం ఒక్కరూ లేరు. ఇది మొదట గమనించినవాడు మా మామ. ఆయన తమ్ముడొకడు రంగూనుకు కొలువుకు పోయి, అక్కడ పలకరించే మనిషి లేక, పొద్దుపోయే వ్యాపకం లేక, మతి చలించి తిరిగివచ్చినవాడు. అందుకని మామ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "నోరు మస్తుగున్నదిరా నీకు, గాడ ఇనేటోడెవడు? ఒక్క దోస్తును చేసుకునుడు నేర్చుకో, ఒక్క షోకు పట్టు. లేకుంటె మా తమ్ముని లెక్క గోడతోని మాట్లాడుకుంట వస్తవు" అన్నాడు.

ఆ పనిని కూడా నేను పోటీకి సిద్ధమైనట్లే మొదలుపెట్టానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. హోటల్లో కూర్చొని ప్రతి మనిషి మాటలోనూ తప్పు పట్టేవాణ్ణి. రెండో రోజుకే నేను కూర్చున్న బల్ల ఖాళీ. చదరంగం ఆడబోయి, ఎదుటివాడు వేసిన ప్రతి ఎత్తుకూ కారణం అడిగితే అతడు పావులు సంచిలో వేసుకొని లేచిపోయాడు. ఇంతలో సముద్రప్రయాణానికి కోటు కుట్టించుకోవలసి వచ్చి, ఊరందరూ చాచా అని పిలిచే ముసలి దర్జీ దుకాణానికి వెళ్ళాను. ఆయన భార్య ఏనాడో పోయింది, పిల్లలు లేరు; ఉన్నవి ఒక మిషను, దుకాణం కప్పు మీద చెక్కగూడులో ఇరవై రెండు పావురాలు. కొలత తీస్తున్నంతసేపూ పైనుండి ఆ గురగురలు వినవస్తుంటే, పక్షులను బంధించడం న్యాయమేనా అని నా అలవాటు ప్రకారం అడిగాను. ఆయన టేపు నా మెడ చుట్టూ వేసి, "మీదికొచ్చి గా కబూతర్‌నే అడుగు బేటా, నేనైతె దర్జీగాణ్ణి" అని నవ్వాడు.

అలా ఆ కప్పు ఎక్కినవాణ్ణి తరువాత రోజూ ఎక్కాను. గూడు ఊడ్చడం, మట్టిమూకుడులో నీళ్ళు మార్చడం, రెక్క కింద చెయ్యివేసి పక్షిని బెదరకుండా పట్టుకోవడం నేర్చుకున్నాను. నేను మాట్లాడడం మొదలుపెట్టగానే పావురాలు మూలకు ఒదిగేవి. "కబూతర్‌తోని బహస్ చెయ్యకు బేటా. జొన్నలు ముందర పోసి నోరు మూసుకో, అదే వస్తది" అనేవాడు చాచా. పావురాల విషయంలోనే కాదు, మనుషుల విషయంలోనూ అది నిజమని ఆయన దుకాణం మెట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసివచ్చింది. నెల తిరిగేసరికి దారినపోయేవాళ్ళు నన్ను కూడా పలకరించసాగారు. కోటు కత్తిరింపు అయింది, కుట్టు మాత్రం సాగలేదు. ఇద్దరికీ తొందర లేదు.

ఒక్కటే లోటు. ఆ పావురాలు పోలీసు చర్య నాటి నుండి ఎగరలేదు. ఈ షోకు ఎరిగినవారికి తెలుసు, పొడుగాటి వెదురుకు ఒక గుడ్డ కట్టి ఊపుతుంటేనే మంద పైన తిరుగుతుంది, వెదురు పక్కన పెట్టి, జొన్నల డబ్బా ఆడించి "ఆ... ఆ... ఆ..." అని పిలిస్తేనే దిగుతుంది. చాచా వెదురుకు పూర్వం ఆకుపచ్చ గుడ్డ ఉండేది. సైన్యం వచ్చిన నాడే విప్పి పొయ్యిలో పెట్టాడు. ఇంకో గుడ్డ కట్టరాదా అంటే వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు: "పాత ఆకుపచ్చదే కడితె రజాకార్ అంటరు. పసుపుది కడితె నిజామోడంటరు. తెల్లది కడితె ఇంకెవనికి లొంగుతున్నవురా అంటరు. నల్లది కడితె కొత్త సర్కార్ మీద కోపమా అంటరు. గిన్ని మాటలెందుకు, గూట్లెనే ఉండనియ్."

నాకు పౌరుషం వచ్చింది. స్వతంత్ర దేశంలో ఒక మనిషి తన కప్పు మీద తన పావురాలను ఎగరేసుకోవడానికి భయపడడమేమిటని అర్ధగంట ఉపన్యసించి, ఇంటికి పోయి నా సర్టిఫికెట్లు చుట్టిపెట్టుకొన్న ఎర్ర ఖద్దరు గుడ్డను తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక మూలన సిరామరక కూడా ఉండేది దానికి. ఎర్రది సంఘపోళ్ళ రంగు గదా అని ఆయన వెనుకకు జరిగాడు. నేను చిరునవ్వు నవ్వి, కచేరీలో ప్రతి దస్తావేజూ ఎర్రగుడ్డలోనే కట్టి ఉంటుంది, అయితే తాసిల్దారు కూడా సంఘం మనిషేనా అని అడిగాను. చాచా పకపకా నవ్వి, చేతులు జోడించి, "నువ్వే గెలిచినవ్ పో" అన్నాడు. నా జీవితంలో గెలిచిన వాదాలన్నింటిలో ఆ ఒక్కదానినే వెనక్కి ఇచ్చేయగలిగితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

పదకొండు రోజులు ఆ పావురాలు ఎగిరాయి. ఆ పదకొండు రోజులు చాచా ముఖంలో ఇరవయ్యేళ్ళ వయసు కనిపించింది. పన్నెండోనాడు సాయంత్రం, ఎండ ఇంకా తగ్గక ముందు, జొన్నలు అయిపోతే నేను డబ్బా తీసుకొని కోమటి దుకాణానికి పోయి తిరిగివస్తున్నాను. వీధి మొదట్లో ఉండగానే మిలిటరీ లారీ ఒకటి నన్ను దాటిపోయి దుకాణం ముందు ఆగింది. కప్పు మీద ఎర్రగుడ్డ ఊపుతున్న మనిషి అడవిలో ఉన్నవారికి సైగ చేస్తున్నాడని ఎవరో చెప్పారట. చెప్పకపోయినా వాళ్ళకు అలాగే కనిపించి ఉండేది. నలుగురు పైకెక్కి ఆయనను దించిన తీరు నేను రాయను. వెదురు విరిచి లారీలో వేశారు. ఎక్కించేటప్పుడు చాచా నా వైపు చూశాడు. చూసి, నేనెవరో తెలియనట్లు ముఖం తిప్పుకున్నాడు. తరువాత తల పైకెత్తి, ఆ తోపులాటలోనే, "ఆ... ఆ... ఆ..." అని పిలిచాడు. తుపాకి మడమ పడేసరికి ఆ పిలుపు ఆగిపోయింది.

లారీ పోయింది. పావురాలు పైన తిరుగుతూనే ఉన్నాయి. డబ్బా నా చేతిలో ఉంది, పిలుపు నాకు వచ్చు, నిచ్చెన పది అడుగుల దూరంలో ఉంది. కాని ఆ కప్పు ఎక్కితే ఆ ఇంటి మనిషినవుతాను. నా నడవడి గురించిన రిపోర్టు ఇంకా రాయలేదు. ఇళ్ళ తలుపులన్నీ మూసుకున్నాయి. ఆ మంద మొదట ఒక్కటిగా, తరువాత రెండు ముక్కలుగా, తరువాత చెదురుమదురుగా తిరుగుతుంటే, నేను నోరు తెరిచి చూస్తూ నిలుచున్నాను. నా గొంతు నుండి మాట రాకపోవడం నాకు అదే మొదటిసారి. వెలుగు పోయే వేళకు మామ వచ్చి నా రెక్క పట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు. జొన్నల డబ్బా నిండుగా అలాగే ఉంది. ఆ రాత్రి ఇరవై రెండింటిలో గూటికి చేరినవి ఏడేనని మరునాడు మామే చూసి చెప్పి, వాటిని గంపలో మా ఇంటికి తెచ్చాడు.

మూడోనాడు నేను చాచాను ఉంచిన మిలిటరీ క్యాంపుకు బయలుదేరాను. ఆ గుడ్డ ఎవరిదో మామకు తెలుసు. గడపలో నిలబడి, "నిజం చెప్పుటానికైతె పో. వాదించెటందుకైతె పోకు" అన్నాడు. నిజమే చెబుతానన్నాను, దారి పొడుగునా అదే అనుకున్నాను.

అక్కడి అధికారి ఉత్తరాది మనిషి, మర్యాదస్తుడు, నాకు కుర్చీ వేయించాడు. బల్ల మీద నా ఎర్రగుడ్డ ఉంది, సిరామరక పైకి కనబడుతూ. దానిని చూసీ చూడనట్లు కుర్చీలో కూర్చున్నాను. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి పావుగంట మాట్లాడాను. సాక్ష్యం లేకుండా నేరం మోపరాదన్నాను, పావురాల పెంపకం మొగలాయి చక్రవర్తుల కాలం నాటిదన్నాను, ముసలి దర్జీకి రాజకీయాలేమిటన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరికి గుడ్డను నా వైపు జరిపి, ఇది ఎవరిచ్చారో మీకు తెలుసా అని ఒకే ప్రశ్న వేశాడు. నేనే ఇచ్చాను, అనాలి. ఆ రెండు మాటలు పెదవుల దాకా వచ్చాయి. ఇటువంటి గుడ్డలు ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా, ప్రతి కచేరీలోనూ ఉంటాయండీ, అన్నాను. అబద్ధం కాదు. అబద్ధం చెప్పలేదన్న తృప్తి కూడా నాకు కొన్నాళ్ళుండింది, అది తలచుకుంటేనే ఎక్కువ సిగ్గు. అధికారి నవ్వి, ఇటువంటి పల్లెలో మీవంటి చదువరి ఉండడం సంతోషమని, నా ప్రయాణం సంగతి అడిగి తెలుసుకొని, నేను అడగకుండానే నా సత్ప్రవర్తనకు ఒక లేఖ రాసి చేతికిచ్చాడు. ముసలివాడి సంగతి విచారణలో తేలుతుందన్నాడు. క్యాంపు గేటు దాటిన తరువాత గాని, నేను ఎవరిని విడిపించుకొని వస్తున్నానో నాకు తెలియలేదు.

"చెప్పినవా?" అన్నాడు మామ. లేఖ చూపించాను. ఆయన చదివి, మడతపెట్టి, నా చేతికే ఇచ్చి లోపలికి పోయాడు. ఆ పూట అన్నం తినలేదు.

చాచాను రెండు నెలల తరువాత వదిలిపెట్టారు. నా పాస్‌పోర్టు అప్పటికి వచ్చింది, ప్రయాణానికి నాలుగు రోజులుంది. మామ ఆ ఏడు పావురాల గంపను నా నెత్తికెత్తి పంపాడు. చాచా దుకాణం మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు వంగడం లేదు. నన్ను చూసి లేవబోయి, గంప వైపు చూసి, ముందుగా అడిగింది ఆ సాయంత్రం సంగతే. "నాకు లారీల కెల్లి కనిపించినయ్ బేటా, తిరుగుతనే ఉండె. నువ్వు పిలిచినవా?"

నేను తల వంచుకున్నాను. ఆయన గంపలోకి వంగి పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. తరువాత, నన్ను ఓదారుస్తున్నట్లుగా, "రోజు అడిగిన్రు, గుడ్డ ఎవడిచ్చిండని. దర్జీగాణ్ణి, నా దుకాణంల గుడ్డలకేం తక్వ అన్న. నీ పేరు బైటికొస్తె నీ కాగితం ఆగిపోతుండె గద" అన్నాడు. లోపలికి పోయి, కత్తిరించి పెట్టిన నా కోటు ముక్కలను మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. "గిది నాతోని కాదిగ. గాడ మంచి దర్జీని చూసి కుట్టించుకో."

కుట్టించుకోలేదు. ఎక్కడికి పోయినా ఆ ముక్కలు నా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. రేవులో నాకు స్నేహితులు దొరికారు, మామ భయపడ్డట్లు నేను గోడతో మాట్లాడలేదు. నోరు మూసుకొని ఎదుటివాడి ముందు కూర్చోవడం ఆ కప్పు మీదే నేర్చుకొని పోయాను కదా. నేను మూడేళ్ళకు సెలవు మీద వచ్చేసరికి చాచా లేడు. షోకు మాత్రం మళ్ళీ ఏదీ పట్టలేదు.

ఇప్పుడు ఎర్రగుడ్డ ఎవరినీ ఉలికిపడేలా చేయదు. రోడ్డు తవ్విన చోటా అదే, లారీ వెనకాలా అదే. కట్టినవాడెవడని అడిగే నాథుడు లేడు. అడిగితే ఈసారి చెప్పగలనని అనుకుంటాను, కాని అడిగే రోజులు పోయాక ధైర్యం ఏం విలువ? వల బిగించిన మనిషి కూలి తీసుకొని, కర్ర, గుడ్డ సర్దుకొని వెళ్ళిపోయాడు. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, వంటింట్లోంచి పిడికెడు జొన్నలు తెచ్చి, వల కన్నాల్లోంచి పిట్టగోడ అంచు మీద పోశాను. గొంతు సవరించుకొని, ఇన్నేళ్ళ తరువాత, "ఆ... ఆ... ఆ..." అని పిలిచాను. ఎదురు ట్యాంకు మీది పావురాలు ఒక్కటీ కదలలేదు. ఈ కాలపు పావురాలకు ఆ పిలుపు తెలియదు. అది తెలిసిన పావురాలు పదిహేను, ఒకనాటి సాయంత్రం, ఈ గొంతు కోసమే ఎదురుచూస్తూ పొద్దుగుంకే దాకా తిరిగాయి.