తడవని చెయ్యి

మా మేనత్త ఎక్కడికొచ్చినా కూర్చోకముందే అడిగేది: "టైమెంతయింది బిడ్డా?" ఆమె పెంచిన బర్రె ఇంకెవరు పొదుగు ముట్టినా పాలు చేపదు. మామ ఆమె చీర చుట్టుకొని పిండబోయి రెండుసార్లు తన్నులు తిన్నాడు. అందుకే ఆమె ప్రయాణాలన్నీ రెండు పూటల పాల మధ్యనే.

ఒక వానాకాలం తరిగొప్పుల నుంచి అందరం జీపులో గూడూరు అడవిలోని జలపాతానికి పోయాం. ఆమె తెల్లవారుజామున పాలు పిండి, అదే చీరతో ఎక్కింది. మేమంతా నీళ్ల కింద గంతులేస్తుంటే బండ మీద కొంగు ముడుచుకొని కూర్చుంది.

"జర తడువు అత్తా," అన్నాను.

"వాసన పోతే అది నన్ను గూడ రానియ్యదు బిడ్డా."

కాసేపటికి తనే లేచి వచ్చింది. ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకొని, కుడి చెయ్యి మోచేతి దాకా ధారలో పెట్టి కళ్లు మూసుకుంది.

"టైమెంతయింది?"

పదకొండు దాటింది. "తొమ్మిదే," అన్నాను.

ఆమె కళ్లు తెరిచి బండ మీద తన నీడను చూసింది. అది కాళ్ల దగ్గరికి వచ్చేసింది.

"తొమ్మిదేనా. అయితే ఇంకొంచెం సేపుంట," అని ఆ కుడిచేతినే మళ్లీ ధారలో పెట్టింది.