పావని పేరు మీద మాత్రలు

సారమ్మకు కోపం ఎక్కువని పుంగనూరులో తెలియనివాళ్లు తక్కువ. ఆమె మొగుడు ప్రకాష్ బాబుకైతే పెళ్లయిన మర్నాడే తెలిసింది. టీబీ వచ్చినవాళ్ల ఇళ్లకు తిరిగి, మాత్రలు ఇచ్చి, మింగుతున్నారో లేదో చూసుకోవడం ఆమె ఉద్యోగం. పొద్దున మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరులో దిగుతుంది. అక్కడ్నుంచి పల్లెలకు ఆటో. ఆ ఆటో మాత్రం రోగి ఇంటి ముందు ఆగకూడదు. వీధి మొదట్లోనే దిగి, సంచిలో మాత్రల మీద నాలుగు వంకాయలు పరిచి, ఎవరో చుట్టం చూసిపోవడానికి వచ్చినట్టు నడిచిపోవాలి.

"సారమ్మా, నువ్వు మా ఇంటికొచ్చేది ఎవురూ సూడకూడదు." కొత్త రోగి ఎవరైనా మొట్టమొదట అడిగేది ఇదే. బతుకుతానా లేదా అని అడగడం ఆ తర్వాత.

"దొంగసారా తెస్తాండానా నేను? మందు తెస్తాండా!" అని, తలుపు వేసుకున్నాక, సారమ్మ ఒక్కొక్కరినీ దులిపేస్తుంది.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. ఆమె తాత జయరత్నానికి పడుచు వయసులో క్షయ వచ్చింది. మదనపల్లె పక్కన మిషన్ వాళ్ల శానటోరియంలో చేర్చి, ఇంటివాళ్లు మళ్లీ ఆ దిక్కు చూడలేదు. జబ్బు నయమై, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పెద్దతిప్పసముద్రం దగ్గర సొంత ఊరికి పోతే, కన్నతల్లి వాకిట్లోనే ఆకు వేసి అన్నం పెట్టింది. ఆయన తిని లేచాక ఆ ఆకు తీసుకుపోయి కాల్చింది. ఆయన ఆ మధ్యాహ్నమే తిరుగుబస్సు ఎక్కి శానటోరియానికే వచ్చి తోటపనిలో చేరాడు. తనలాగే నయమై, తనలాగే పుట్టింటికి కానిదైపోయిన ఒక అమ్మాయిని అక్కడే పెళ్లి చేసుకున్నాడు. "మందు మమ్మల్ని బతికిచ్చింది, మనుషులే సంపినారు" అనేవాడు పోయేదాకా. ఆ ఇద్దరి మనవరాలు సారమ్మ.

తాత కాలంలో వైద్యమంటే మంచిగాలి, పాలు, గుడ్లు, ఏళ్లకేళ్లు మంచం. తర్వాత సూదులొచ్చాయి. ఇప్పుడు ఆరు నెలల మాత్రలు, అంతే. జనం ఆస్పత్రికి రావడానికి సిగ్గుపడితే సైన్సు మందునే ఇంటికి పంపింది. మందిచ్చే మనిషి రోజూ ఇంటికొస్తే నామర్దా అంటే, ఫోనుతో పని జరిగేలా చేసింది. మాత్రల అట్ట చింపితే లోపల ఒక నంబరు కనబడుతుంది. దానికి మిస్డ్ కాల్ ఇస్తే, ఆ రోజు మాత్ర పడినట్టు సారమ్మ ఫోనులో పచ్చచుక్క వెలుగుతుంది. ఎంత తెలివి! జనం దాక్కునే కొద్దీ సైన్సు వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. మరి జనం ఊరుకుంటారా? ఇంకో గది లోపలికి పోయి దాక్కున్నారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

రెడ్డెప్ప ఇంట్లో జరిగింది అదే.

పుంగనూరుకు దగ్గర పల్లెలో రెడ్డెప్ప, ఆయన భార్య అంజమ్మ. కొద్దిగా మామిడి, టమాటా సేద్యం, రెండు పాడి ఆవులు. ఒక్కడే కొడుకు లోకేష్, మదనపల్లె మండీలో టమాటా వ్యాపారం చేస్తాడు. కోడలు పావనిది కుప్పం. వాళ్లకు నాలుగేళ్ల కూతురు తేజస్విని. పోయిన వేసవి చివర్లో అంజమ్మ కోడలిని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. కోడలికి దగ్గు, సాయంత్రమైతే జ్వరం అని తనే చెప్పింది. పావని తల వంచుకుని కూర్చుంది. కఫం పట్టే చిన్న డబ్బా ఇచ్చి, "పొద్దున లేస్తానే బాగా దగ్గి ఇందులో పట్టుకోని రండి" అని సారమ్మే చెప్పింది. మర్నాడు అంజమ్మ డబ్బా తెచ్చింది. టీబీ ఉందని, మామూలు మందులకు లొంగే రకమేనని పరీక్షలో తేలింది. పావనిని తూకం వేశారు. ఈ మందు మనిషి బరువును బట్టి ఇస్తారు. బక్కపలుచని పిల్ల కాబట్టి రోజుకు మూడు మాత్రలు అన్నారు.

ఇంట్లో మిగతావాళ్లనూ పరీక్ష చేయాలి, అది పద్ధతి. సారమ్మ ఎప్పుడు పోయినా లోకేష్ ఉండేవాడు కాదు. "లోడుతో మద్రాసు పోయినాడమ్మా" అనేది అంజమ్మ. తేజస్వినికి ముందుజాగ్రత్త మందు ఇస్తానంటే ససేమిరా అంది.

"బిడ్డకి మందు యాలమ్మా? తల్లి నీడ గూడా తగలకుండా సూసుకుంటాండా."

ఆ మాట నిజమే. పావనికి పశువుల కొట్టం పక్క గది ఇచ్చారు. పళ్లెం వేరే, లోటా వేరే. పిల్ల గడప దగ్గరికొచ్చి "అమ్మా" అంటే, నానమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోయేది. రాత్రి పిల్లను నాయన పక్కలో పడుకోబెట్టేది.

"పళ్లెంలో, లోటాలో అంటుకునే జబ్బు కాదక్కా ఇది! దగ్గితే గాల్లో వచ్చేది. మాత్రలు మింగతా కొన్ని వారాలు పోతే అదీ రాదు. తల్లీబిడ్డల్ని యాల ఇడదీస్తావు?" అని సారమ్మ చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుంది. అంజమ్మ అన్నిటికీ తల ఊపింది. ఫోనులో పచ్చచుక్కలు మాత్రం ఒక్క రోజు తప్పలేదు. ఈ ఇంట్లో మనసు బాగాలేకపోయినా మందు బాగా నడుస్తోందిలే అని సారమ్మ సరిపెట్టుకుంది.

ఒక రోజు పోయేసరికి ఆ గది ఖాళీగా ఉంది.

"కుప్పం పంపించినాం. పుట్టింట్లో నెమ్మదిగా ఉంటాదని" అంది అంజమ్మ.

"మరి బిడ్డ?"

"బిడ్డ ఈడే."

సారమ్మ పళ్లు కొరుక్కుంటూ బయటికొచ్చింది. ఫోను తీసి చూస్తే ఆ పొద్దుటి పచ్చచుక్క అప్పటికే పడి ఉంది. మాత్రలు వెంట తీసుకుపోయిందిలే అనుకుంటూ చెప్పులు తొడుక్కుంది. అప్పుడు కిటికీలో కనబడింది మాత్రల అట్ట. దాని మీద 'పావని' అని రాసింది సారమ్మ చేతిరాతే. ఒక వరుస తాజాగా చింపి ఉంది.

మర్నాడు మదనపల్లెలో బస్సెక్కిన సారమ్మ పుంగనూరులో దిగలేదు. పలమనేరు మీదుగా నేరుగా కుప్పం పోయింది.

పావని పుట్టింటి వసారాలో కూర్చుని పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతోంది. సారమ్మను చూసి లేచి నిలబడింది. దగ్గు లేదు, ఆయాసం లేదు. సారమ్మ రోగులందరినీ అడిగే మాటే అడిగింది.

"ఒంటేలు ఎర్రగా వస్తాండాదా?"

"ఎర్రగానా? యాల వస్తాదక్కా?"

ఆ మాత్ర గొంతు దిగితే మూత్రం ఎర్రబారాల్సిందే. భయపడొద్దని మొదటి రోజే చెప్పింది సారమ్మ. ఆ రోజు విని తలూపింది అంజమ్మ ఒక్కతే. సారమ్మ తిన్నెమీద కూలబడింది.

"ఒక్క మాత్రన్నా మింగినావంటమ్మే నువ్వు?"

పావని కత్తిపీట పక్కకు జరిపింది.

"జబ్బు ఆయనకక్కా. ఆ డబ్బాలోదీ ఆయన దగ్గిన గళ్లే. మొగోని పేరు ఆస్పత్రిలో పడితే మండీలో ఎవురూ పక్కన నిలబడరు, వాడి బతుకు బుగ్గిపాలయిపోతాది, నీ పేరు మీద రాయించుకుందాం అనింది అత్త. ఆరు నెల్లే గదా అనింది. పేరే గదక్కా అడిగినారు, ఇచ్చినా."

"ఇచ్చినావా! నీ తల్లీ... మరి కొట్టం గదిలో పడుకునేది ఎవురు? నువ్వే గదా?"

"ఊరోళ్లు నమ్మాల గదా అని పడుకోమనిరి. ఫస్టులో రెండ్రోజులు అత్తే గోడచాటున అన్నం కలిపి పెట్టింది. తర్వాత ఏమైందో ఏమో, ఆమే నమ్మేసిందక్కా. నేను ముట్టిన చెంబు కడిగేది. రోగం ఆయనకని ఆమెకు తెలుసు. అయినా నన్ను చూస్తానే బిడ్డని ఎనక్కి లాగేది." పావని కళ్లు తుడుచుకుంది. "బిడ్డని సూసి నెలయింది."

సారమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎంత అన్యాయం! తాతకు జబ్బు వచ్చింది కాబట్టి ఆకు కాల్చారు. ఈ పిల్లకు జబ్బు కూడా రాలేదు. వట్టి పేరుకే వాకిట్లో ఆకేశారు. పోనీ, రోగమున్నవాడికైనా మేలు జరిగిందా? పావని బరువుకు లెక్కకట్టిన మూడు మాత్రలు, ఆమెకంటే ఎంతో బరువున్న మగాడికి ఏ మూలకు? చాలీచాలని మందు పడితే పురుగు చావదు, మందుకు అలవాటు పడి మొండికెత్తుతుంది. పోయి పోయి ఆ మొండిపురుగు పక్కలో పసిబిడ్డ.

"చీర మార్చుకో. పోదాం పద" అంది సారమ్మ.

ఇద్దరూ వచ్చేసరికి రెడ్డెప్ప తోటలో ఉన్నాడు. ఆ పొద్దు ఏ మద్రాసుకూ పోని లోకేష్ నడింట్లో మంచం మీద ఉన్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. పక్కన తేజస్విని. పిల్ల తల్లిని చూసి పరిగెత్తబోయి, అలవాటు కొద్దీ నానమ్మ వైపు చూసి ఆగిపోయింది. సారమ్మకు ఆ ఒక్కటీ చాలింది.

"పనికిమాలిన పరువు! ఎవురి కోసమక్కా ఈ పరువు? రోగమోడిని నట్టింట్లో పెట్టుకోని, రోగం లేనిదాన్ని కొట్టంలో తోస్తివి. నిప్పు తెచ్చి బిడ్డ పక్కలో పెట్టి, నీళ్లబిందెను ఊరవతల పారేస్తివి గదక్కా!"

"మెల్లిగామ్మా, ఎవురన్నా ఇంటారు" అంది అంజమ్మ, కిటికీ మూయబోతూ.

"మూయొద్దు! గాలి రానీ! ముందర మందు అదే!"

లోకేష్ ముఖం గోడకు తిప్పుకున్నాడు. "లోడు ఉండే దినాల్లో మాత్రలు తీసుకుపోలేదు సారమ్మా, ఎవురన్నా సూస్తారని. అమ్మ ఫోన్ మాత్రం కొట్టేది" అన్నాడు. ఆ మాటలు పూర్తయ్యేలోపు దగ్గు తెర అడ్డం వచ్చింది. సారమ్మ పిల్లను దగ్గరికి తీసుకుని మెడ తడిమింది. చెవి కింద బిళ్ల కట్టి ఉంది.

అందరికీ పరీక్షలు అయ్యాయి. ఫలితాలు చెప్పే రోజున అత్తాకోడళ్లు బిడ్డను తీసుకుని ఆస్పత్రికి వచ్చారు. డాక్టరమ్మ శైలజ నెమ్మదిగానే చెప్పింది. లోకేష్‌కు పాత మాత్రలు ఇక పనిచేయవు, దానికి వేరే మందులున్నాయి, కష్టమైనా నయమవుతుంది. పావనికి ఏ జబ్బూ లేదు. తేజస్వినికి టీబీ ఉంది. తండ్రి దగ్గర్నుంచి వచ్చిందే కాబట్టి బిడ్డదీ మొండిరకమే అయ్యుంటుంది, పెద్ద మందులే వాడాలి.

అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు. మనవరాలంటే ఆమెకు ప్రాణం. ఏడ్చి, ముక్కు చీది, తలుపు వేసి ఉందో లేదో వెనక్కి తిరిగి చూసుకుని, డాక్టరమ్మ ముందుకు వంగింది.

"అమ్మా, నీ కాళ్లు మొక్కుతా. బిడ్డ పేరు మాత్రం రాయొద్దు. రేపు బళ్లో వేయాల, పదిమందిలో తిరగాల. పావని పేరు ఎట్లాగూ ఉండాది గదా ఆడ. దాని మీదే ఇచ్చేయండి."

సారమ్మ నోరు తెరిచింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఆమెకు తిట్టు దొరకలేదు.

మాట్లాడింది పావని. అత్త ఒళ్లోంచి బిడ్డను తీసుకుని తన ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"నన్ను బిడ్డకు దూరం పెట్టి, బిడ్డని రోగం పక్కలో పండబెట్టినావత్తా. నా పేరుతోనే ఇదంతా చేసినావు. ఇంక ఇయ్యను." డాక్టరమ్మ వైపు తిరిగింది. "నా పేరు కొట్టేయండమ్మా. రాసుకోండి, తేజస్విని, నాయన పేరు లోకేష్."

డాక్టరమ్మ రాసుకుంది. సారమ్మ పిల్లను తూకం మీద నిలబెట్టింది. ముల్లు ఎక్కువ కదల్లేదు. బిడ్డ బరువుకు సరిపడా మందు లెక్కకట్టి, అట్ట మీద బిడ్డ పేరే రాసి ఇచ్చి, రేపు ఇంటికొచ్చి మొదటి మోతాదు తనే దగ్గరుండి మింగిస్తానని చెప్పింది.

పావని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

"అక్కా, రేపు వీధి మొదట్లో దిగొద్దు. ఆటోని మా వాకిట్లోకే రమ్మను."