ప్రభావతి రేటు చెప్పిన రోజు

ఆక్లండ్‌లో శాండ్రింగ్‌హామ్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇంట పెళ్లి కుదిరిందంటే పందిరికి ప్రభావతినే పిలుస్తారు. భర్త రామమోహన్‌తో 2009లో జగిత్యాల నుంచి వచ్చిన ఈ మనిషికి పూలంటే పిచ్చి. ఊరికే అనడం లేదు. కిటికీలోంచి ఏ కొత్త పువ్వో కంటబడితే పొయ్యి మీద కూర మాడిన సంగతి కూడా తెలియదు.

ఇక్కడ కొబ్బరి మట్టలు దొరకవు, మామిడాకులను ఎయిర్‌పోర్టు దాటనివ్వరు. ఇంకొకరైతే ప్లాస్టిక్ తోరణాలు కట్టి చేతులు దులుపుకునేవారు. ప్రభావతి కన్ను మాత్రం పక్కింటి మావోరీ ఆవిడ పెరట్లో కత్తుల్లా పొడుగ్గా, ఏపుగా పెరిగిన ఫ్లాక్స్ మొక్క ఆకుల మీద పడింది. అడిగి కోసుకుంది, చీల్చి కొబ్బరాకుల్లా అల్లింది. నడిమి మొవ్వునూ దానికి అటూ ఇటూ ఉన్న ఆకుల్నీ ముట్టుకోవద్దని, బయటి ఆకులే కోయాలని ఆవిడే నేర్పింది. ఆ పచ్చటి అల్లిక మధ్య నీలి హైడ్రాంజియా పూలు గుత్తులుగా కూర్చితే, ముహూర్తం సంగతి మరిచి పంతులుగారే తలెత్తి చూసేవారు. పైగా ఒక పందిరిలా ఇంకో పందిరి వేయదు. పెళ్లికూతురితో ఒక పూట కూర్చుని మాట్లాడితే గాని పూలు ఎంచుకోదు.

ఇంత పనితనం ఉన్న మనిషికి రేటు చెప్పడం మాత్రం రాదు. ఎంత ఇమ్మంటావని అడిగితే, "మీకు తోచింది ఇయ్యుండ్రి" అనేది. వాళ్లకు తోచేది జాకెట్టు ముక్క. బొట్టు పెట్టి, పండూ తాంబూలంతో ఒక జాకెట్టు ముక్క చేతిలో పెట్టి, "నీ చేతిల బంగారమున్నది బిడ్డా" అని సాగనంపేవారు. ఏడేళ్లలో బీరువా నిండిపోయింది. పూల మార్కెట్టులో జాకెట్టు ముక్కలు తీసుకోరు కదా! అక్కడ కట్టేదంతా బస్సు నడిపే రామమోహన్ జీతమే.

2016లో పాత వ్యాను పూర్తిగా మూలన పడింది. రామమోహన్ కోపిష్టి కాడు, కానీ ఆ రోజు తేల్చి చెప్పేశాడు. "ఈ సీజన్ చూద్దాం ప్రభా. ఇది గూడ గిట్లనే అయితె పందిళ్లు బంద్. నువ్వు మళ్ల రెస్ట్‌హోమ్‌ల ముసలోళ్లను చూసుకునే డ్యూటీకి పోవాలె." అందులో కాదనడానికి ఏముంది?

ఆ వారమే ఊరికి ఆ చివర ఉన్న ఫ్లాట్ బుష్ నుంచి లక్ష్మీబాయి వచ్చింది. వరంగల్లులో ఇరవై ఏళ్లు చీరల కొట్టు నడిపి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ. ఆ ఇంటి గృహప్రవేశానికీ, కోడలి సీమంతానికీ పందిరి వేసింది ప్రభావతే. ముట్టినవి రెండు జాకెట్టు ముక్కలు. ఇప్పుడు పెద్ద కూతురి వైపు మనవరాలి పెళ్లి. ఫోనులో హైదరాబాదు పెళ్లి ఫోటో చూపించి, "అచ్చం గిట్లనే కావాలె" అంది. ఫోటో నిండా ప్లాస్టిక్ పూలు. ఆ మాట గొంతు దాకా వచ్చినా మింగేసి, ప్రభావతి జన్మలో మొదటిసారి రేటు చెప్పింది. అదీ అప్పు అడుగుతున్నట్టు, నేల చూపులు చూస్తూ.

"మనల మనకు రేట్లేంది బిడ్డా?" అని లక్ష్మీబాయి లేచి వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులు ఫోను లేదు. ఊళ్లో అందరికీ చెప్పేసి ఉంటుందని, ఇక తనను ఎవరూ పిలవరని ప్రభావతి కుమిలిపోయింది. తొమ్మిదో రోజు ఉండబట్టలేక తనే ఫోను చేసింది. తోచింది ఇవ్వమని చెప్పేద్దామనే.

ఆమె నోరు తెరిచేలోపే లక్ష్మీబాయి అందుకుంది. "నేనే చేద్దామనుకుంటున్న. ముగ్గురు డెకరేషనోళ్లను అడిగిన. అందరు నీకంటె రెండింతలు చెప్పిన్రు, అవి గూడ ప్లాస్టిక్ పూలకు! రేటు చెప్పుడు గూడ రాదా నీకు?"

ప్రభావతికి ఒక్కసారిగా కోపం వచ్చింది. "మరి ఇన్నేండ్ల సంది మీరు జాకెట్టు ముక్కలే పెట్టిన్రు గద పెద్దమ్మా!"

"నువ్వు అడగలే, నేను ఇయ్యలే. అడగకుంట ఎవరన్న ఇస్తరా?" ఆ గొంతులో తప్పు చేసిన జంకు రవ్వంత కూడా లేదు. "రెండింతలు నేనియ్య. నువ్వు చెప్పినదానికి ఒకటిన్నర ఇంతలు ఇస్త. ఫోటో లెక్కనే ఉండాలె మరి."

ఒకటిన్నర అంటే వ్యాను బాగవుతుంది, సీజన్ నిలబడుతుంది. సరేనంటే చాలు. ప్రభావతి ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది. ఈసారి నేల చూపులు చూడలేదు.

"రేటు మీరు చెప్పినట్టే పెద్దమ్మా. పూలు మాత్రం నేను చెప్పినట్టు."

లక్ష్మీబాయి అడ్వాన్సు ఎంత పంపాలని అడిగింది.